పశువుల శాలలో కొత్త కారు

1927లో వర్షాలు మొదలవుతూనే నన్ను విశాఖపట్నంలోని మోటారు వర్క్‌షాపు నుంచి చింతపల్లి అవతలి మన్యానికి డ్యూటీ మీద పంపించారు. అప్పటికి నేను అసిస్టెంటు పెయింటర్ని. అంటే కార్లు కడిగేవాళ్ళకి పైన, హెడ్ పెయింటరుకి కింద. పాత రంగు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, అడుగు పూతలు వేయడం నా పని. పై పూత మాత్రం హెడ్ పెయింటరు చెయ్యే వేయాలి. ఈ డ్యూటీ సవ్యంగా చేసుకొస్తే నన్నూ పై పూతకి ఎక్కిస్తామని మేనేజరు మాటిచ్చారు. నాకు అంతకు మించిన ఆశ లేదు.

కారు ఒక కలప కాంట్రాక్టరు గారిది. సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి దిగిన కొత్త బండికి ముదురాకుపచ్చ రంగు మా షాపులోనే వేశాం. ఇప్పటి రంగుల్లా గంటలో ఆరిపోయే రకం కాదు అది. రంగు మీద వార్నీషు పొరలు పొరలుగా వేసేవారు. పైకి ఆరినట్టే ఉంటుంది గానీ లోపల గట్టిపడడానికి నెలలు పట్టేది. ఈలోగా తొలి వర్షాలకి మరకలు పడితే మా షాపుకి మాటొస్తుంది. అందుకని బండితో పాటు ఒక మనిషిని పంపడం ఒప్పందం. కాంట్రాక్టరు గారు కారు తనే నడిపేవారు. నేను పక్కన కూర్చుని బురద చిందినప్పుడల్లా లోలోపల తిట్టుకునేవాణ్ణి.

కొత్త వార్నీషుకి పద్ధతులున్నాయి. బురద ఆరకముందే చన్నీళ్ళు పొయ్యాలి. దానంతట అది నాని జారిపోయేదాకా చెయ్యి పెట్టకూడదు. తర్వాత స్పాంజితో పైనుంచి కిందికి కడిగి, మెత్తటి తోలుతో అద్దాలి. చక్రాలకి వేరే స్పాంజి. సబ్బు కూడదు, కిరసనాయిలు అసలే కూడదు. ఈ రోజుల్లో దుమ్ము పట్టిన బండిని పొడిగుడ్డ పెట్టి బరబరా తుడిచేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రోడ్డు ఆగిపోయిన చోట ఒక చిన్న పల్లె. అక్కణ్ణుంచి అడవిలోకి కాలినడకే. పల్లెలో కారు పట్టేంత కప్పు ఒక్కటే ఉంది. అది సింగన్న అనే కొండ రైతు పశువుల శాల. అందులో అతని జత ఎద్దులు ఉండేవి. కాంట్రాక్టరు గారు చూసి, ఎద్దుల్ని బయట కట్టమన్నారు. సింగన్న వాటిని విప్పి చెట్టు కింద కట్టేశాడు. పశువుల మూత్రం ఘాటు తగిలితే వార్నీషు మసకేసి చిట్లిపోతుందని నేను అడ్డం చెప్పాను. అయితే నేల మార్చమన్నారు. తడిసిన మట్టి జానెడు లోతున తవ్వించి, పక్కనున్న కొండవాగు, ఆ గెడ్డలోంచి పొడి ఇసక తెప్పించి పోయించాను. చుట్టూ తాడు కట్టి, ఎవరూ దాటకూడదని నేనే గట్టిగా చెప్పాను. మర్నాడు కాంట్రాక్టరు గారు కలప నరికించే చోటికి వెళ్ళిపోయారు. ఎప్పుడొచ్చేదీ చెప్పలేదు.

ఇక నేనూ, కారూ. శాల పక్కనే చిన్న పాకలో నా మకాం. పొద్దున్నే కడగడం, అద్దడం, తలుపులు తీసి గాలి తగలనివ్వడం. ఆ తర్వాత చెయ్యడానికేమీ లేదు. పల్లెవాళ్ళు నా పాక వైపు రావడం మానేశారు. పిల్లలు తాడు దాకా వచ్చి తొంగిచూస్తే తల్లులు కేకేసి లాక్కుపోయేవారు. నీళ్ళకి వెళ్తే ఆడవాళ్ళు పక్కకి తప్పుకునేవారు. పలకరించడానికి మనిషి లేక ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు తలుపు మెరుగులో నా మొహం చూసుకుని, భోంచేశావా అని పైకే అడిగేశాను. ఆ గొంతు విని నాకే సిగ్గేసింది.

వాన పట్టుకుంది. మన్యంలో ముసురు పడితే పగలూ రాత్రీ ఒకటే. సింగన్న ఎద్దులు చెట్టు కింద తడుస్తూ నిలబడేవి. వాటి మీద అతను కట్టిన తాటాకులు గాలికి లేచిపోయేవి. కారు కడిగేటప్పుడల్లా అవి నాకు కనిపించేవి. చూసీ చూడనట్టుండడం ఎంతకని? తుడిచిందే తుడుస్తూ వాటికి వీపు తిప్పి నిలబడేవాణ్ణి.

ఒక పొద్దున సింగన్న తాడు అవతల వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, ఎద్దొకటి నెగట్నేదు, పడుకున్న కాడే ఉంది. రెండోది ఒక్కటే ఏటి దున్నుద్ది? సాల్లో కూసింత మూల ఇయ్యి. కారు జోలికి రానివ్వను."

ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదన్నాను. "నువ్వు కాంట్రాక్టరు మనిసివి. నిన్నేటని అడుగుతాం?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అందుకే ఎక్కువ తగిలింది. ఎద్దు పోతే దుక్కి లేదు, దుక్కి లేకపోతే ఆ ఏడు అతనింట్లో తినడానికి చోళ్ళు, అదే రాగులు, లేవు. అది నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

పక్కపక్కన పెట్టడం కుదరదు. ఘాటు తగిలిన వార్నీషు లోపలిదాకా పాడవుతుంది. బయట పెడితే వాన మరకలు పడతాయి, కానీ అవి పైపైనే. కారునే బయటికి తియ్యాలని తేల్చుకున్నాను. నాకు నడపడం రాదు. తొయ్యడానికి మనుషుల్ని పిలవమన్నాను. వచ్చారు, గానీ ఒక్కరూ చెయ్యి వెయ్యరు. ముట్టుకోవద్దన్నవాణ్ణి నేనే కదా! తాడు విప్పేసి, వెనకాల ఇనప కమ్మీ చూపించాను. ఒకాయన తన పంచెకి చేతులు రెండుసార్లు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు. బురదలో కాళ్ళు జారి తలుపుల మీద కూడా అరచేతులు పడ్డాయి. ఆరకముందే బిందెలతో నీళ్ళు పోశాను.

వెదురు గుంజలు పాతి, రంగుకి తగలకుండా ఎత్తున అడ్డాకులతో కప్పు వేశారు. లేవలేని ఎద్దుని మోకులతో ఎత్తి లోపలికి చేర్చారు, రెండోది దాని వెనకే వెళ్ళింది. ఇంక నాతో నాలుగు మాటలు మాట్లాడతారనుకున్నాను. లేదు, ఎవరి పొలానికి వాళ్ళు పోయారు. దుక్కి రోజులు, వాళ్ళకి మాత్రం తీరికేదీ? నేను మళ్ళీ స్పాంజి పట్టుకుని ఒంటరిగా నిలబడ్డాను. ఏటవాలుగా కొట్టే జల్లుకి ముందుభాగం మీద తెల్లటి మసక దిగింది. ఎన్నిసార్లు కడిగినా అది పోలేదు. అది కనపడ్డ రోజున పై పూత మీద ఆశ వదులుకున్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఎద్దు లేచి మేత ముట్టిన తర్వాత కాంట్రాక్టరు గారు దిగివచ్చారు. కారు బయటా, ఎద్దులు లోపలా పెట్టమని ఎవరు చెప్పారన్నారు. నేనేనండి అన్నాను. ఆ క్షణమే ఎద్దుల్ని తోలేసి కారు లోపల పెట్టమన్నారు.

"ఇప్పుడు లోపల పెడితే వార్నీషు మొత్తం పోతుందండి. నేల మళ్ళీ తడిసింది."

మళ్ళీ ఇసక పొయ్యి అన్నారు. గెడ్డ పొంగి ఉంది, పొడి ఇసక దొరకదని చెప్పాను. ఎద్దు జబ్బు సంగతి ఎత్తలేదు. ఎత్తినా ఆయన వినేవారు కాదు. వార్నీషు మాట మాత్రం విన్నారు. ఆ మసక వైపూ, నా వైపూ చూసి, శాల అలాగే ఉండనీ అన్నారు. నన్ను మాత్రం వెళ్ళిపొమ్మన్నారు.

ఘాట్ రోడ్డు నడిచి దిగుతుంటే పక్క వాలులో సింగన్న దున్నుతున్నాడు. వీపు ఇటే ఉంది. చాలులో ఉన్న ఎద్దుల్ని ఆపకూడదని నేను పిలవలేదు.

షాపులో మళ్ళీ ఉప్పుకాగితమే చేతికిచ్చారు. పై పూత కోసం చాలా ఏళ్ళు ఆగాల్సొచ్చింది. చివరికి ఒక బస్సు కంపెనీలో హెడ్ పెయింటరుగా రిటైరయ్యాను. నా కింద చేరిన ప్రతివాడికీ మొదట చెప్పిన సంగతి ఒకటే: వార్నీషు మీద మసక పడితే గీకి, రుద్ది, మళ్ళీ పూత వేసుకోవచ్చు. దుక్కి అదను పోతే ఆ ఏడు మళ్ళీ రాదు. ఏదైనా కాపాడే ముందు, మళ్ళీ చేసుకోగలిగింది ఏదో, చేసుకోలేనిది ఏదో చూసుకోవాలి.