ఉప్పులోళ్ల నర్సయ్య దినాలు

టోపీ ఎందుకు పెట్టినవని పొద్దున్నుంచి అందరు అడుగుతున్నరు. తీస్తే ముందు నవ్వుతరు, తర్వాత మొఖం చిన్నగ చేసుకొని ఎవలు పోయిన్రని అడుగుతరు. మా ఇంట్ల ఎవలూ పోలే. బాపు మంచిగనే ఉన్నడు. అయినా నాకు గుండైంది, మీసం గూడ పోయింది. కూసోన్రి, చాయ్ తాగుకుంట చెప్త.

మా చిన్నాయిన పోయినప్పుడు అయ్యగారు మూడు తరాల పేర్లు చెప్పమన్నడు. బాపు తన తాత మల్లయ్య పేరు దాక చెప్పి ఆగిపోయిండు. ఆ మీదోళ్లు ఎవలో మా ఇంట్ల ఒక్కలకూ ఎరుక లేదు. అయ్యగారు ఏదో సర్ది కానిచ్చిండు గనీ, నాకు మాత్రం మనసుల ముల్లు ఇరిగినట్టైంది. అసలు మా ఇంటిపేరు ఉప్పుల ఎట్లైందో గూడ తెల్వదు. మా వంశంల ఉప్పు అమ్మినోడు లేడు. బాపును గుచ్చి గుచ్చి అడిగితే, మనోళ్లు ధూళిమిట్ట దిక్కునుంచి వచ్చిన్రని మా నాయిన అంటుండె అన్నడు. గంతే, ఐతారం దుకాణం బంద్ వెట్టి, సిద్దిపేటల బండి స్టార్ట్ చేసిన.

రెండు మూడు ఊర్లు తిరిగినంక ఒక ఊర్ల కిరాణం కాడ ఆగి, గీడ ఉప్పులోళ్లు ఉన్నరా అని అడిగిన. దుకాణపాయన నన్ను కిందికి మీదికి చూసి, ఏడికెళ్లి వచ్చినవన్నడు. సిద్దిపేట అన్న. జెల్ది పో, నీ కోసమే ఆగిన్రు అని తొవ్వ చూపిచ్చిండు. చెప్పకుంట వస్తే గూడ ఎదురుచూస్తున్నరంటే, రక్తసంబంధం అంటే గిదే అనుకున్న. నా తెలివి గంత.

తీరా పోతే పొలంల బాయికాడ పది పదిహేను మంది ఉన్నరు. కింద విస్తరాకులు, పిండాలు. నర్సయ్య అనే పెద్దమనిషి పోయి పదో దినమట. బండి తిప్పుకొని పోదామనుకునేలోపే ఒకామె ఉరికొచ్చి నా రెండు చేతులు పట్టుకున్నది. నర్సయ్య పెద్దబిడ్డ రాజవ్వ. యాభై ఏండ్లుంటయి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఉప్పులోళ్లమే, సిద్దిపేట నుంచి అని నేను చెప్పిన గంతే.

"కొడుకు లేడు తమ్మీ మా బాపుకు. పాలోడు ఒక్కడన్న నెత్తి ఇయ్యకపాయె అని కుములుతున్న. వచ్చినవ్" అన్నది.

తర్వాత అందరు చెప్పంగ అర్థమైంది. నర్సయ్య పాలోళ్లు, అంటే దాయాదులు, ఎన్నడో సిద్దిపేట దిక్కు పోయిన్రట. వాళ్లకు కబురు పంపితే ఒకాయన వస్తనన్నడట, అప్పటికి ఇంకా రాలే. నేనే ఆయననుకున్నరు. నేను గూడ వాళ్ల పాలోన్నే అనుకున్న, నిజం చెప్తున్న. ధూళిమిట్ట దిక్కు, ఉప్పుల పేరు, సిద్దిపేట. అన్నీ కలిసినయి. ఈ నర్సయ్య మా మల్లయ్య అన్నదమ్ముల మనుమడే అయ్యుంటడని నాకు గూడ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పోయి గుండు చేసేకాడ కూసున్న.

కత్తి పట్టుకున్న ముసలాయన నెత్తి మీద నీళ్లు చల్లుకుంట, నాయిన ఉన్నడా అని అడిగిండు. బాపు నా ఎంబడి వచ్చిండా అని అడుగుతుండనుకున్న. లేడు అన్న. తండ్రి బతికున్నోడి మీసం తియ్యరు, లేనోడికి ఏం అడ్డం ఉంటది. నెత్తి అయిపోయింది, మీసం అయిపోయింది. బతికున్న బాపును నా నోటితోనే పంపిచ్చిన.

తానం చేసి బంతిల కూసున్నంక నన్ను ఏడ కలపాల్నో చూద్దామని పెద్దోళ్లంతా వంశం మొత్తం చెప్పుడు షురూ చేసిన్రు. ఎవలకు ఎవలు పుట్టిన్రు, ఎవలి బిడ్డను ఏ ఊరికిచ్చిన్రు, అన్నీ. మల్లయ్య మాత్రం ఏడా దొరకలే. గప్పుడే ఒకాయన చేతి సంచితోని వచ్చిండు. నెత్తినిండ నున్నగ దువ్విన ఎంట్రుకలు. బస్సు దొరకలేదని సంజాయిషీ చెప్పుకుంట, తాత పేరుతోని సహా తనెవలో చెప్పిండు. అసలు పాలాయన.

అందరు నా దిక్కు తిరిగిన్రు. ఒకాయన మెల్లగ కులం అడిగిండు. చెప్పిన. మాది వేరు, వాళ్లది వేరు. పప్పు కలిపిన చెయ్యి అట్లనే విస్తరి మీద ఆగిపోయింది. లేచి పోదామా, మాఫీ అడుగుదామా తెలుస్తలేదు. వచ్చినాయన మాత్రం తన నెత్తి బచాయించినందుకు నా దిక్కు ప్రేమగ చూస్తుండు.

రాజవ్వ గంటె పట్టుకొని నా ముందటికి వచ్చింది. "ఏ ఉప్పులోడివైతేంది తమ్మీ. బాపుకు నెత్తిచ్చినవ్. తిను" అని ఇంకింత బువ్వ వెట్టింది. తల ఎత్తకుంట తిన్న. బొట్టు బొట్టు కన్నీళ్లు విస్తరిల పడ్డయి.

సాయంత్రం ఇంటికొస్తే తలుపు తీసింది బాపే. నా గుండు చూసిండు, మీసం లేని మొఖం చూసిండు.

"నేనింకా పోలేదు గదరా" అన్నడు.

నా భార్య ఏడుపు అందుకున్నది, బాపు పేరు మీద గుడిల అర్చన చేయిస్తనని మొక్కుకున్నది. నేను కాళ్లకాడ కూసోని అంతా చెప్పిన. బాపు ఒక్కటే అడిగిండు, గా పిల్ల ఏడ్సుడు ఆపిందా అని. ఆపింది బాపూ అన్న. అయితే మంచిదే తియ్ అని నా గుండు మీద చెయ్యి వెట్టి లోపలికి పోయిండు.

నిన్న రాజవ్వ ఫోన్ చేసింది, మాసికానికి తమ్ముడు రావాల్నట. పోతున్న. మా ముత్తాత నాయిన పేరు అడిగితే ఇప్పటికీ గుడ్లు తేలేస్త గనీ, నర్సయ్య తాతముత్తాతలు ఎవలో, వాళ్ల ఆడబిడ్డలను ఏ ఊర్లకు ఇచ్చిన్రో మాత్రం నిద్రల లేపి అడిగినా చెప్త.