ఎడమవైపు సంచి

నేను ఆత్రేయపురం వెళ్లింది పూతరేకులు కొనుక్కోవడానికి కాదు, దెబ్బలాడటానికి. ఎవరితో దెబ్బలాడాలో మాత్రం బయల్దేరేటప్పటికి నాకే తెలియదు. ముందు రోజు సాయంత్రం మా చెల్లెలు వరలక్ష్మి ఫోన్ చేసి, మాట పూర్తి కాకుండానే ఏడ్చేసింది.

"అక్కా, భీమవరం కొట్టువాళ్లు మళ్లీ పెట్టెలు తిప్పి పంపేశారు. నెయ్యిలో నేనేదో కలుపుతున్నానంట."

వరం ఆత్రేయపురం కోడలు. పెళ్లయిన కొత్తలోనే అత్తగారి పక్కన కూర్చుని రేకులు తీయడం నేర్చుకుంది. ఇప్పుడు భీమవరంలో ఒక మిఠాయి కొట్టుకు వారం వారం సరుకు పంపుతుంది. పెట్టె మీద పేరు కూడా దానిదే. సరుకు వెనక్కి రావడం ఇది మూడోసారి. ఈ వారం కూడా ఇలాగే ఉంటే ఇక పంపొద్దని కొట్టు యజమాని కచ్చితంగా చెప్పేశాడట.

"రేపు పంపేదే ఆఖరు. ఆ తర్వాత పొయ్యి ఆర్పేస్తాను. కల్తీ మనిషి అనిపించుకుని ఊళ్లో ఎలా తిరగను?" అంది.

నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు పక్కింటివాళ్లకి మజ్జిగ పోసేటప్పుడు కూడా నీళ్లు ఎక్కువయ్యాయేమోనని రెండుసార్లు రుచి చూసిన పిల్ల అది. అది నెయ్యి కల్తీ చేస్తుందా?

నా సంగతి కూడా చెప్పాలి. రాజమండ్రిలో ఒక మోటార్‌సైకిల్ స్పేర్ పార్టుల కొట్లో కౌంటర్ దగ్గర నా కొలువు. "మగాళ్లెవరూ లేరా అండీ?" అని అడిగేవాళ్లకి ఏళ్ల తరబడి సమాధానం చెప్పీ చెప్పీ నా నోరు కాస్త పదునెక్కింది. కోపం మాత్రం పుట్టుకతో వచ్చిందే.

మర్నాడు సెలవు పెట్టి, ఆరున్నరకి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పల్లెవెలుగు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ ఉచితం. సీటు మాత్రం అంత తేలిగ్గా దొరకదు, వెళ్లదలచినవారు కాస్త ముందుగా వచ్చి నిలబడటం మంచిది. ధవళేశ్వరంలో పనులకెళ్లేవాళ్లు దిగాక నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. బ్యారేజీ మీద బస్సు నెమ్మదించింది. కుడివైపు నిండుగా నీళ్లు, ఎడమవైపు ఇసుక మేటలు. ఎన్నిసార్లు చూసినా కళ్లకి చల్లగా ఉండే చోటు. ఆ రోజు నాకు చల్లగా లేదు.

పక్కనున్నావిడ మాట కలిపింది. "ఎక్కడికండీ?"

"ఆత్రేయపురం. మా చెల్లెలింటికి."

"పూతరేకులు తెచ్చుకుంటే చూసి తెచ్చుకోండి. ఇప్పుడంతా కల్తీ నెయ్యేనంట."

"ఎవరింట్లో చూశారండీ?"

"చూడ్డమెందుకండీ? అందరూ అంటున్నారుగా."

ఆత్రేయపురం వచ్చేదాకా నేను మళ్లీ నోరు విప్పలేదు. విప్పితే ఆవిడ బొబ్బర్లంకలోనే దిగిపోవాల్సి వచ్చేది.

నేను వెళ్లేసరికి వరం పాకలో పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట. పల్చటి పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద ఇలా పరిచి అలా లాగగానే పొరలాంటి రేకు లేచి వస్తోంది. చూస్తే చేతులు ఎప్పటిలాగే ఆడుతున్నాయి, మొహం మాత్రం వాచిపోయింది. పక్కనే అరుగు మీద వాళ్ల అత్తగారు.

"మా రోజుల్లో ఒక్క పెట్టె వెనక్కి రాలేదమ్మా. నెయ్యి కాచే చేతిని బట్టి ఉంటది" అందావిడ నాకు మంచినీళ్లిస్తూనే.

నిజానికి ఆ నెయ్యి వరం కాచింది కాదు. వీధి చివర గేదెలున్న సూరమ్మ గారిది. మొదట్నుంచీ ఆవిడే పోస్తోంది. రెండోసారి పెట్టెలు వెనక్కి వచ్చినప్పుడు మా మరిది, అదే వరం మొగుడు, సత్తిబాబు ఆవిడ గుమ్మంలోకి వెళ్లి, నలుగురూ వింటుండగా "ఏం కలుపుతున్నారండీ?" అని అడిగాడట. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఈ గడప తొక్కలేదు. ఈ వారం సరుకు జాడీలో మిగిలిన ఆవిడ నెయ్యితోనే చేశారు.

తిరిగొచ్చిన పెట్టె ఒకటి తెప్పించుకుని విప్పాను. నెయ్యి వాసన వెనకాల ఇంకేదో ఘాటు ఉంది. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే నాలుక చివర చేదు తగిలింది. పాతబడి, నెయ్యితో కలిసిపోయి, అదేమిటో చెప్పలేకుండా ఉంది.

"పంపినవన్నీ వెనక్కొచ్చాయా సత్తిబాబు గారూ?"

"లేదండి వదిన గారూ. సగం పర్లేదని ఉంచుకుంటారు. సగం తిప్పేస్తారు."

"ప్రతిసారీ సగమేనా?"

"ఇంచుమించు సగమేనండి."

ఒకటే కుండ, ఒకటే జాడీ, ఒకటే చెయ్యి. అందులో సగం మంచివీ సగం చెడ్డవీ ఎలా అవుతాయి? ఈ ప్రశ్న ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. ముందు సూరమ్మ గారిని అనుమానించారు, తర్వాత వరాన్ని అనుమానించారు. పెట్టెలు ఇంట్లోంచి బయటపడ్డాక వాటికి ఏమవుతోందో మాత్రం ఎవరూ చూడలేదు.

"ఇవాళ మీతో పాటు నేనూ భీమవరం వస్తున్నాను" అన్నాను. "అలాగేనండి" అన్నాడు సత్తిబాబు.

అతని బండి బాగా పాతది. వంద సీసీ ఇంజిను, కార్బరేటర్ రకం. వెనక క్యారియర్ మీద నుంచి అటొకటి ఇటొకటి గోనె సంచులు వేలాడుతున్నాయి. పెట్టెలు చెరి సగం వాటిలో సర్ది, తొమ్మిదింటికి బయల్దేరాం. రావులపాలెం దాటి హైవే ఎక్కి, వశిష్ఠ గోదావరి మీద వంతెన దాటేసరికి వెనక కూర్చున్న నా నడుము పట్టేసింది. సిద్ధాంతం దగ్గర టీ తాగుదామంటే ఆపాడు. రోడ్డు పక్క ఏటవాలులో సైడ్ స్టాండ్ వేశాడు. బండి ఎడమవైపుకి బాగా ఒరిగింది.

టీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే నా ముక్కుకి తెలిసిపోయింది. రోజూ నేను పీల్చే వాసనే అది. గ్లాసు బల్ల మీద పెట్టి బండి దగ్గరికి వెళ్లి వంగి చూశాను.

కార్బరేటర్‌లో ఎక్కువైన పెట్రోలు బయటికి పోయే ఓవర్‌ఫ్లో పైపు మామూలుగా జానెడుంటుంది, నేల వైపు చూస్తుంది. దీనికి ఎవరో ఇంకో పైపు అతికించి, చైన్ కవర్ వెంబడి వెనక్కి లాగి, చివర తీగతో కట్టారు. ఆ చివర సరిగ్గా ఎడమవైపు సంచి మూలకి ఆనుకుని ఉంది. బొట్టు బొట్టుగా పెట్రోలు దిగుతుంటే గోనె దీపపు వత్తిలా పీల్చుకుంటోంది.

"ఇదేంటండీ?" అని అరిచాను. టీ కొట్టు దగ్గరున్నవాళ్లంతా ఇటు తిరిగారు.

"అది బాగు చేయించేశానండి. ఇదివరకు నా కాళ్ల మీద కారేది. మెకానిక్ వెనక్కి కట్టాడు. ఇప్పుడు కారట్లేదండి."

"కారట్లేదా? ఆపలేదండీ మీ మెకానిక్, కారే చోటు మార్చాడు! ఎన్నాళ్లయింది?"

అతను ఆలోచించాడు. మొదటిసారి పెట్టెలు వెనక్కి రావడానికి ముందు వారమేనని అతని నోటితోనే వచ్చింది.

"పోనీ, బండి ఆపినప్పుడు టాంకు కింద పెట్రోలు ట్యాపు కట్టేస్తారా?"

"ట్యాపా? దాన్నెవరు కడతారండీ?"

టీ కొట్టతను గ్లాసులు కడుగుతూ, "సబ్బు రాయండమ్మా, ఆగిపోద్ది" అన్నాడు. సబ్బు టాంకు పగులుకి ఆ పూటకి పనికొస్తుందేమో గానీ కార్బరేటర్ లోపలికి ఎలా రాస్తాడో అతన్నే చూపించమన్నాను. అతను మళ్లీ గ్లాసుల్లో పడ్డాడు.

నాకు కోపమే కాదు, భయం కూడా వేసింది. ఇంట్లో ఈ బండిని ఎక్కడ పెడతాడు? ఆ పాకలోనే, వరం పొయ్యి పక్కన. కొబ్బరాకుల మంట ఒక పక్క, పెట్రోలు కారే పైపు ఒక పక్క. పేరు సంగతి తర్వాత, మనిషి మిగిలి ఉండటమే గొప్ప. ఆ మాట పైకే అన్నాను. సత్తిబాబు రోడ్డు పక్కనే కూలబడిపోయాడు.

కుడి సంచిలో పెట్టెలు శుభ్రంగా ఉన్నాయి. ఎడమ సంచిలో అడుగువి వాసన పట్టేశాయి, పైవి బాగానే ఉన్నాయి. ఆ పైవన్నీ తీసి, టీ కొట్లో అడిగి తెచ్చిన అట్టపెట్టెలో సర్ది నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆ అతుకు పైపు పీకించి, దారిలో ట్యాపు కాసేపు తెరుస్తూ కాసేపు కడుతూ, మెల్లగా పెనుగొండ చేరాం.

పెనుగొండలో మెకానిక్ బండి చూడకుండానే, "కార్బరేటర్ పోయిందండి. కొత్తది వేసేద్దాం" అని సత్తిబాబుతో అన్నాడు. నేనక్కడ లేనట్టే.

"ముందు కింద గిన్నె విప్పండి. విప్పకుండా పోయిందని ఎలా చెప్తారు?" అన్నాను.

"మీకు తెలీదులెండమ్మా."

"ఫ్లోట్ నీడిల్ ఇచ్చేది నేనే, ప్యాకింగ్ ఇచ్చేది నేనే. రోజూ అమ్ముతాను. విప్పండి."

విప్పాడు. గిన్నె అడుగున ఎర్రటి తుప్పు మడ్డి. ఇది చదివేవారిలో పాత బండి ఉన్నవారు ఒక్క నిమిషం ఆగాలి. గిన్నెలో తేలే ఫ్లోట్ పైకి లేచినప్పుడు చిన్న నీడిల్ వెళ్లి పెట్రోలు వచ్చే దారిని మూస్తుంది. దాని మొన అరిగినా, అక్కడ తుప్పు నలుసు ఇరుక్కున్నా దారి పూర్తిగా మూసుకోదు, గిన్నె నిండిపోయి ఓవర్‌ఫ్లో పైపులోంచి కారుతుంది. ఈ బండి నీడిల్ మొన చుట్టూ గాడి పడిపోయి ఉంది. ఆ నీడిల్‌కయ్యే ఖర్చు తిరిగొచ్చిన ఒక్క పెట్టె పూతరేకుల వెలకి కూడా రాదు. దాని కోసం ఒక మనిషిని కల్తీ మనిషి అన్నారు, ఇంకో మనిషిని ఆవిడ గుమ్మంలోనే అవమానించారు.

నీడిల్ మార్పించాను, గిన్నెకి కొత్త ప్యాకింగ్ వేయించాను. టాంకు కడిగించి, ట్యాపు జాలీ శుభ్రం చేయించి, పెట్రోలు పైపు మధ్యలో చిన్న ఫిల్టర్ పెట్టించాను. ఓవర్‌ఫ్లో పైపు మళ్లీ నేల వైపే చూసేలా పెట్టించాను. దాన్ని మూసినా, మెలిపెట్టినా పెట్రోలు ఇంజిన్‌లోకి దిగుతుంది. అనుమానమొచ్చి ఇంజిన్ ఆయిల్ పుల్ల తీయించి వాసన చూశాను. అందులోనూ పెట్రోలు ఉంది, ఆయిల్ నీళ్లలా జారుతోంది. అదీ మార్పించాను. తర్వాత ట్యాపు తెరిచి, ఇంజిన్ వేయకుండా, మెకానిక్ విసుక్కుంటున్నా సరే, ఎదురు హోటల్లో ఇడ్లీ తిని వచ్చేదాకా అలాగే ఉంచాను. వచ్చి పైపు చివర వేలు పెడితే పొడిగా ఉంది.

"ఇక నుంచి ఆపిన ప్రతిసారీ ట్యాపు కట్టాలి, మధ్య స్టాండ్ వేయాలి" అన్నాను సత్తిబాబుతో.

"పొయ్యి దగ్గర పెట్టనండి. వీధిలో పెడతాను" అన్నాడతను, నేను అడక్కుండానే.

మార్టేరు మీదుగా భీమవరం చేరేసరికి ఒంటిగంట దాటింది. రొయ్యల మేత లారీల మధ్య నుంచి, కాలేజీ పిల్లల బళ్ల మధ్య నుంచి కొట్టు చేరుకున్నాం. యజమాని ఒక పెట్టె విప్పి, వాసన చూసి, ముక్క నోట్లో వేసుకుని తల ఊపాడు.

"ఆ, ఇప్పుడు బాగుందండి. నెయ్యి మార్చినట్టున్నారు."

"నెయ్యి మార్చలేదండీ. నీడిల్ మార్చాం."

ఆయనకి అర్థం కాలేదు. ఎడమ సంచిలోని పాడైన పెట్టె ఆయన ముందు పెట్టి, ఈ రెండూ ఒకే రోజు ఒకే జాడీ నెయ్యితో చేసినవని చెప్పి, రెండూ వాసన చూడమన్నాను. చూశాడు. ఆనక నవ్వేశాడు. "పెట్రోలా! సరే, వచ్చే వారం మామూలుగానే పంపేయండి."

అంతే. మూడు వారాలు కల్తీ అన్న నోటితో ఇంకో మాట లేదు.

"అలా కాదండీ. కల్తీ అని కబురు పంపింది మీరే కదా? కాదని కూడా మీరే చెప్పాలి" అని వరానికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, ఆయన చేతికిచ్చాను. కొట్లో కొనేవాళ్లు నలుగురైదుగురున్నారు. ఆయన గొంతు సవరించుకుని, "అమ్మా, మీ నెయ్యిలో తప్పేమీ లేదండి. మేమే పొరపాటు పడ్డాం" అన్నాడు. అవతల నుంచి కొబ్బరాకులు చిటపటమంటున్న చప్పుడు వినబడింది. పొయ్యి ఇంకా వెలుగుతూనే ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు సత్తిబాబు సొంతింటికి కాకుండా నేరుగా వీధి చివరికి పోనిచ్చాడు. బండి దిగి, ట్యాపు కట్టి, మధ్య స్టాండ్ వేసి, సూరమ్మ గారి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇరుగుపొరుగు వింటున్నారని చూసుకునే మాట్లాడాడు. "తప్పు నాదేనండి పిన్ని గారూ. నా బండిది. మీ నెయ్యిది కాదు."

ఆవిడ గేదెకి కుడితి పెడుతూ తల తిప్పలేదు. "నెయ్యికొచ్చిన ప్రతిసారీ నీ దగ్గర పెట్రోలు కంపు కొట్టేదిరా. రెండుసార్లు అన్నాను. విన్నావా?" అంది. గేదె వీపు నిమిరి, "జాడీ పంపించు" అంది.

అయిదున్నర బస్సుకి రాజమండ్రి బయల్దేరాను. వరం ఒక పెట్టె నా ఒళ్లో పెట్టింది. బండి కారితే కార్బరేటర్ విప్పి చూడాలి. మనవాళ్లు ముందు ఆడవాళ్ల చేతులు వాసన చూస్తారు. బ్యారేజీ మీద ఎండ తగ్గి, నీళ్లు ఎర్రబడ్డాయి. నా కోపం మాత్రం ఏమీ తగ్గలేదు.

ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగాడు. "ఏం నెయ్యండీ అది, ఘుమఘుమలాడిపోతోంది! ఎవరు చేశారండీ?"

"మా చెల్లెలు వరలక్ష్మి చేసిందండీ. నెయ్యి సూరమ్మ గారిది" అన్నాను.

వెనక సీట్లవాళ్లకి వినబడలేదేమోనని లేచి నిలబడి ఇంకోసారి చెప్పాను.