గంప లేపింది నేనే

కొత్తగా పెళ్లయినవాడికి ఇంట్లో ఏదైనా తానే చక్కదిద్దగలనని ఒక ధీమా ఉంటుంది. ఆ రోజుల్లో, పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో, నాకది కొంచెం ఎక్కువే ఉండేది. దాని ఫలితంగా ఒక మధ్యాహ్నం నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. అమ్మ కోళ్ల మీద కమ్మిపెట్టిన గంపను నేను లేపాను. అది చిన్న తప్పు. ఎవరు లేపారని అమ్మ అడిగినప్పుడు నోరు విప్పలేదు. అది పెద్ద తప్పు. పైగా అప్పటికి నేను బడిపంతులుగా చేరి, నిజం చెప్పాలని పిల్లల చేత గొంతెత్తి వల్లె వేయిస్తున్నాను.

మా ఇల్లు ఖిలా వరంగల్‌లో, మట్టికోట లోపల. కోట నుంచి ఎప్పుడో దొర్లి వచ్చిన చెక్కడపు రాయి ఒకటి మా పెరట్లో బట్టలుతికే బండగా స్థిరపడిపోయింది. దాని మీదెక్కి నిలబడే హక్కు అమ్మ పెంచే కోళ్లలో ఒక్క నల్లపెట్టకే ఉండేది. దాన్ని మేము దొరసాని అనేవాళ్లం. అది నిలబడితే మిగతా కోళ్లు పక్కకు తప్పుకునేవి, పుంజుతో సహా. (నన్నయితే అది తప్పుకొమ్మని కూడా అనేది కాదు, నేరుగా కాలి మీద పొడిచేది.) ఈ రాజ్యంలోకి పుట్టిల్లు హసన్‌పర్తి నుంచి మా ఆవిడ రెండు ఎర్రపెట్టలను తెచ్చుకుంది. పిల్లలుగా ఉన్నప్పటి నుంచి అరచేతిలో నూకలు పెట్టి పెంచినవట. (వచ్చేటప్పుడు బస్సులోనే ఒకటి గుడ్డు పెట్టింది. దానికి కండక్టరు టికెట్ అడగలేదని మా మామ చాలా ఏళ్లు చెప్పుకున్నాడు.) కొత్త ఇంట్లో ఆమె మనుషులతో మాట్లాడిన దానికంటే ఆ కోళ్లతో మాట్లాడిందే ఎక్కువ. ఒకరోజు నాతో మెల్లగా, "ఇవి ఈడ ఇమడకపోతె శనివారం తమ్ముడొస్తడు గద, ఆనితోని పంపిస్త" అంది. చెబుతున్నది కోళ్ల గురించే అయినా ఆ గొంతులో ఇంకేదో ఉందని నాకు తోచింది.

కొత్త కోళ్లను కలపడానికి అమ్మకొక పద్ధతి ఉంది. పెరటి నడుమ గంప కమ్మి వాటిని అందులో ఉంచుతుంది. గంప లోపలా చుట్టూ నూకలు చల్లుతుంది. పాతవి బయట తింటుంటే కొత్తవి లోపల తినాలి. కొన్నాళ్లు అలా గంప సందుల్లోంచి ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాక, అన్నింటికీ పొయ్యిలోని చల్లారిన బూడిద రాసి, పొద్దుగూకే వేళకు ఒకే గూట్లోకి తోస్తుంది. "ఒక్క వాసనయితె ఒక్కింటోళ్లయితయి కొడుకా" అనేది. చదువుకున్నవాణ్ణి కదా, అదంతా నాకు చాదస్తంగా కనిపించింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఆడవాళ్ల ప్రార్థన కూటానికి వెళుతూ, "గంప జోలికి పోకుండ్రి" అని మరీ మరీ చెప్పింది. మా ఆవిడ బావికి నీళ్లకు పోయింది. ఆమె వచ్చేసరికి రెండు మందలూ కలిసిమెలిసి మేస్తుంటే చూసి ఎంత సంతోషిస్తుందో అనుకుని, గంప లేపాను. ఎర్రపెట్టలు బయటికొచ్చి, పాపం, నేరుగా ఆ బండ మీదికే ఎక్కాయి. తర్వాత జరిగింది చెప్పడానికి నాకు మాటలు చాలవు. దొరసాని ఎగిరింది, దాని వెనుక మందంతా ఎగిరింది. పుంజు ఏ పక్షమో తేలక అందరినీ పొడిచింది. నేను గొడుగు తెరిచి మధ్యలో దూకాను. దాంతో అంతవరకు బెదరనివి కూడా బెదిరాయి. ఒక ఎర్రపెట్ట జుట్టు మీద నెత్తురుతో కట్టెల మోపు కింద దూరింది. రెండోది గోడ దాటి మాయమైంది.

సరిగ్గా అప్పుడే బిందెతో మా ఆవిడ, ఆమె వెనకే బైబిలు చంకన పెట్టుకుని అమ్మ వచ్చారు.

"ఎవ్వలు లేపిన్రు గంప?" అంది అమ్మ. నేను గొడుగు మూయడంలో తలమునకలుగా ఉన్నాను. అమ్మ కోడలి వైపు తిరిగింది. "నీ కోళ్లని గంత తొందరేందమ్మా? జెప్పిపోతి గద!"

మా ఆవిడ నోరు తెరిచింది. నా వంక చూసింది. మళ్లీ మూసుకుని, బిందె దించి, కట్టెల మోపు దగ్గర కూర్చుని ఆ పెట్టను పిలవడం మొదలుపెట్టింది. ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు.

నేను కోడిని వెతికే మిషతో ఇంట్లోంచి బయటపడ్డాను. రెండిళ్ల అవతల ఉండే, మేము పిన్ని వరసతో ఖాలా అని పిలిచే పొరుగావిడ నన్ను చూసి నవ్వింది. "ఆవో బేటా, మీ సుట్టం మా అటకెక్కి కూసున్నది. ఎవ్వలు ఇడిశిన్రు దాన్ని?"

"నేనే ఖాలా" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో!

"అచ్చా. మీ అమ్మకు జెప్పినవా?"

నేను కోడి కోసం చేతులు చాచాను. ఆమె కోడిని నా చేతుల్లో పెట్టింది. "కోడి దొరికింది గని, గా మాట సుత ఇంటికి తీస్కపో" అంది.

కోడిని చంకలో పెట్టుకుని పెరట్లోకి వచ్చి, ఇద్దరూ వినేలా చెప్పాను. "అమ్మా, గంప లేపింది నేను. ఆమెకు తెల్వదు."

అమ్మ వెళ్లి కోడలి పక్కన కూర్చుంది. "నువ్వెందుకు జెప్పలే బిడ్డా?"

"మీ కొడుకు జెప్తడేమోనని సూసిన అత్తమ్మా."

"ఇంత సేపా?" అంది అమ్మ. ఇద్దరూ ఒక్కసారే నన్ను చూశారు. ఆ చూపులో మొట్టమొదటిసారి వాళ్లిద్దరూ ఒక పక్షం.

అమ్మ శిక్ష అక్కడికక్కడే వేసింది. గంప మళ్లీ కమ్మాలి, నేనే కాపలా కాయాలి. బడి వదలగానే ముక్కాలి పీట వేసుకుని గంప పక్కన కూర్చునేవాణ్ణి. దారిన పోయే నా శిష్యులు గోడ మీంచి తొంగిచూసి, "సారు కోళ్లకు పాఠం జెప్తాండురో!" అని కేకలు. అన్నింటికీ బూడిద రాయడం కూడా నా వంతే. దొరసానికి రాసేటప్పుడు నా చేతులకు దక్కిన గాట్లు చూసి మా ఆవిడ పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆమె అలా నవ్వడం అదే మొదలు. శనివారం వచ్చిన బావమరిది ఎర్రపెట్టలు గూట్లో దొరసాని పక్కన సర్దుకుని కూర్చోవడం చూసి, అన్నం తిని, వట్టి చేతులతో బస్సెక్కాడు.

ఒళ్లంతా బూడిదతో పీట మీద కూర్చున్న ఆ కుర్ర పంతులు గుర్తొస్తే ఇప్పుడు నాకు జాలీ నవ్వూ కలిసి వస్తాయి. నోరు విప్పని ఆ కాసేపటికి బదులుగా, తర్వాత ఇంట్లో ఏ గ్లాసు పగిలినా, ఏ పాలు పొంగినా, ఎవరూ అడగకముందే "నేనే" అనడం అలవాటు చేసుకున్నాను. నావి కానివి కూడా. మొన్న వంటింట్లో ఏదో భళ్లున పగిలితే వరండాలోంచే "నేనే!" అన్నాను. "ఊకోండ్రి," అంది మా ఆవిడ లోపలి నుంచి, "గిది నాది."