దీపం ఆర్పినవాడిదే ఇల్లు

పక్కిల్లు ఎవరిదో నలుగురిలో చెప్పవలసి వచ్చిన రోజున మీరు నోరు విప్పారా, లేక ఆ భారం దేవుడి మీద వేసి కూర్చున్నారా?

మా ఊరివాళ్ళు కూర్చున్నారు. నేను చూశాను.

గురజాలకు దగ్గర్లో మాది నాపరాళ్ళ ఊరు. గోడలూ, కప్పులూ, దొడ్ల చుట్టూ ప్రహరీలూ అన్నీ ఆ రాయే. యుద్ధం నడుస్తున్న రోజులవి. నరసరావుపేటలో చదువుకుంటూ, సంఘసంస్కరణ సభల్లో వాదించడం మరిగి, సెలవులకు ఇంటికి వచ్చాను. వచ్చేసరికి వీధిలో తగాదా.

మా ఎదురింటి ఆమెను నేను అత్తా అని పిలిచేవాణ్ణి. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, చిన్నపిల్ల. ఆయన సంవత్సరీకం కూడా కాకముందే ఆయన అన్నగారు వచ్చి, ఈ ఇల్లు తాను కట్టించిందనీ, తమ్ముణ్ణి దయతలచి ఉండనిచ్చాననీ, ఖాళీ చెయ్యమనీ అన్నాడు. పత్రం ఎవరి దగ్గరా లేదు. గ్రామకంఠంలో రాయి పేర్చుకుని కట్టుకున్న ఇళ్ళకు మా ఊళ్ళో పత్రాలెక్కడివి?

పత్రం లేని చోట మా వాళ్ళ పద్ధతి ప్రమాణం. అమ్మవారి గుడి ముందు దీపం పెడతారు. బిడ్డలున్నవాళ్ళు బిడ్డ తలమీద చెయ్యి వేసి, లేనివాళ్ళు తమ తలమీదే వేసుకుని, ఇల్లు నాదని చెప్పి దీపం ఆర్పాలి. ఆర్పినవాళ్ళది ఇల్లు. ప్రమాణం అబద్ధమైతే ఆ తలకే కీడని నమ్మకం.

పొద్దు వాలేవేళకు వీధంతా గుడి ముందు చేరింది. తగవులు తీర్చే పెద్దాయన ముందు అత్తను రమ్మన్నాడు. ఆమె కదల్లేదు.

"ఇల్లు నాదే మావా. నా పుట్టింటివాళ్ళు పెట్టిన నగలమ్మి కట్టుకున్నాం. కానీ నిజానికైనా సరే, నా పిల్ల తలమీద చెయ్యేసి దీపం ఆర్పలేను."

"అయితే మూట గట్టుకో," అన్నాడు ఆమె బావగారు, ఇల్లు తనదన్న ఆ అన్నగారు. ఆయనకు పిల్లల్లేరు. "నేను ఆర్పుతా."

చూశారా పరీక్ష? నిజం చెప్పే మనిషి భయంతో వెనక్కి పోయింది. భయం లేనివాడు కండువా నడుముకు బిగించి ముందుకొచ్చాడు. నేనుండబట్టలేక లేచాను.

"గాలి వీచినా దీపం ఆరుతుంది. దానికి ఇంటి సంగతి ఏం తెలుసు?"

"పేటలో నేర్పేది ఇదా?" అన్నారెవరో వెనకనుంచి.

"అబ్బాయ్, గుడి ముందు ఆ మాటలొద్దు. ఊరికి చుట్టుకుంటది," అన్నాడు పెద్దాయన.

సభల్లో చప్పట్లు తెచ్చిన వాదం అక్కడ ఆమెకు చేటే చేసింది. దేవుడు లేడనేవాడు ఆమె తరఫున మాట్లాడాడన్న గొణుగుడు మొదలైంది. బావగారు చేతులు కడుక్కుని దీపం ముందు కూర్చున్నాడు. పిల్ల తల్లి కొంగు పట్టుకుని ఆ దీపాన్నే చూస్తోంది. ఆయన ఒక చెయ్యి తన తలమీద వేసుకుని ఇల్లు నాదన్నాడు. రెండో చెయ్యి దీపం మీదికి లేచింది.

ఆ కూర్చోవడం చూస్తే నాకు పాత సంగతొకటి తట్టింది. ఆ ఇంటి ద్వారబంధం ఎత్తిన రోజున కూడా ఆయన ఇలాగే బాసింపట్టు వేసుకుని, తన ఇంటి అరుగుమీద మొహం ముడుచుకుని కూర్చున్నాడు. నేనప్పుడు చిన్నవాణ్ణి. బెల్లం, శనగలు పెడతారని మా అమ్మ వెంట వెళ్ళాను. ఈయన వచ్చేదాకా ఎవరికీ పెట్టలేదు.

"పెదనాన్నా," అన్నాను పెద్దాయనతో. "ద్వారబంధం ఎత్తిన రోజున ఈయన అలిగితే బతిమాలి తీసుకొచ్చింది నువ్వే గదా. ఎందుకలిగాడు?"

పెద్దాయన గుడివైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు ఆయన వంక చూస్తూ కూర్చున్నారు. బావగారి చెయ్యి దీపం మీదే నిలిచిపోయింది. చివరికి మా పక్కింటి అవ్వ గొంతు లేచింది.

"బొట్టు పెట్టి పిలవలేదని అలిగాడు. ఒరేయ్, సొంత ఇంటికి పిలుపు రాలేదని అలిగినోణ్ణి నిన్నే చూశాన్రా."

"పిలుపు కోసం కాదు, పద్ధతి తెలియదని కోప్పడ్డా," అన్నాడు బావగారు.

"నీ ఇంటికి నిన్ను పిలిచే పద్ధతి ఏందిరా? అద్దంలో చూసుకుని నువ్వే పెట్టుకోవాల్సింది బొట్టు."

నవ్వులు లేచాయి. ఆ తర్వాత ఒకరొకరే, అవును, నేనూ ఉన్నాను, నేనూ శనగలు తిన్నాను అన్నారు. బావగారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెద్దాయన తలెత్తకుండానే, "దీపం తియ్యండి. ఇల్లు ఆ పిల్ల తల్లిది," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. నవ్విన ప్రతివాడికీ ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. ఇంటికి పోతూ పెద్దాయన్ని అడిగాను: "తెలిసి ఎందుకూరుకున్నావు?"

"అమ్మవారు చూసుకుంటది గదా అనుకున్నా," అన్నాడు.

ఆయన దుర్మార్గుడు కాడు. అదే నన్ను భయపెట్టింది. ఇంకొక్క క్షణం గడిస్తే అంత మంచివాడి కళ్ళముందే తల్లీబిడ్డా వీధిన పడేవాళ్ళు. ఊరంతా దండం పెట్టుకుని ఇళ్ళకు పోయేది.

మీ ఊళ్ళోనూ రేపో మాపో ఎవరి గడపో దీపం ముందుకు వస్తుంది. అది ఎవరిదో మీకు తెలిసి ఉంటుంది. ఇంకొకరు లేస్తారేమోనని చూడకండి. లేవండి. ఆ చెయ్యి దీపాన్ని తాకకముందే, తెలిసింది తెలిసినట్టు చెప్పండి.