పుంజు ఐదో వేలు

నేను బీఏ పాసయ్యాను! మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేనే. కానీ పట్టాకి చుట్టిన ఎర్రదారం విప్పుతుంటే చేతులు ఆగిపోయాయి.

నా చిన్నప్పుడు, ఒరిస్సా కొత్తగా ప్రావిన్సైన రోజుల్లో జరిగింది గుర్తొచ్చింది. మా అమ్మ తమ్ముడు, సూరి మామ, ఛత్రపూర్‌లో ఒక దొరగారి బంగళాలో రోజుకూలికి సిల్కీ కోళ్లను సాకేవాడు. వాటికి దూదిలాంటి తెల్లటి ఈకలు, కింద నల్లటి చర్మం. వాటిలో ఒక పుంజు జాతికోళ్ల ప్రదర్శన పోటీలో గెలిస్తే మామ కొలువు ఖాయం చేస్తానన్నాడు దొర.

మామతో వెళ్లినప్పుడు చూశాను, ఆ పుంజు కాళ్లకి ఐదేసి వేళ్లు. మా ఇంటి కోళ్లకి నాలుగే! మా తమ్ముడు ఆరోవేలితో పుడితే మంత్రసాని ఆ వేలికి దారం బిగించింది, అది ఎండి రాలిపోయింది. పాపం పుంజుకీ మేలు చేద్దామని దాని ఐదో వేలికి అలాగే కట్టాను. కాళ్ల మీది ఈకల చాటున దారం ఎవరికీ కనబడలేదు.

పోటీలో వేళ్లు లెక్కపెట్టి, నాలుగే ఉన్నాయని పుంజుని పక్కన పెట్టేశారు.

"ఈ జాతికి ఐదుండాలంట గుంటా. ఎలకేటైనా కొరికేసిందేమో," అన్నాడు మామ.

"మరి నీ కొలువో?"

"దానికి ఏలు పోయింది, నాకు పని పోయింది. సరిపోనాది!" అని నవ్వాడు.

దారం సంగతి దాచేశాను. ఆ తర్వాత గిరిసోల స్టేషన్లో మూటలు మోసి నన్ను చదివించింది ఆ మామే.

ఇప్పుడు పాసయ్యానని ఫోన్ చెయ్యాల్సినవాళ్లు: హెడ్మాస్టరుగారు, హల్దియాపదర్ పిన్ని పక్కింటి షావుకారు, గిరిసోల కిరాణాకొట్టు. కొట్టువాళ్ల చేత మామని ఫోన్ దగ్గరికి పిలిపించాలి. పాసైన సంగతి తర్వాత, ముందు దారం సంగతి చెప్పాలి.