గణపతిరావు గారి మొదటి పొర

గణపతిరావు గారు నేల మీద కనిపించిన ఏ వస్తువునూ చీటీ కట్టకుండా వదిలిపెట్టరు. ఏడు వందల ఏళ్ల నాటి కుండపెంకైనా సరే, ఆ ఉదయం ఎవరో కాల్చి పారేసిన చుట్టపీకైనా సరే, ఆయన దృష్టిలో రెండూ సమానమే. రెండింటికీ నంబరు, లోతు, తేదీ, దొరికిన చోటు రాయవలసిందే. రాజ్యాంగం హామీ ఇచ్చిన సమానత్వాన్ని మనుషుల విషయంలో ఇంతవరకు ఎవరూ సరిగ్గా అమలు చేయలేదు గాని, వస్తువుల విషయంలో ఆయన ఒక్కరే, ఒక దారపుండతో, సంపూర్ణంగా అమలు చేశారు.

పందొమ్మిది వందల తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో ఆయన అరకు కొండల్లోని కోటగెడ్డ వలస అనే ఊరికి వచ్చారు. అక్కడ ఒకప్పుడు సంత పట్నం ఉండేదట. కింది నుంచి ఉప్పు ఎక్కేది, పై నుంచి పసుపు, పిప్పళ్లు దిగేవి. ఇప్పుడు ఆ చోట ఒక కంపెనీ విహారయాత్రికుల కోసం కుటీరాలు కట్టబోతోంది. పునాదులు పడేలోగా పాత పట్నాన్ని తవ్వి నమోదు చేయడానికి పురావస్తు శాఖ ఉద్యోగి అయిన గణపతిరావు గారికి నలభై రోజుల గడువు దొరికింది. చివరి రోజున ఆయన ‘ఇక అభ్యంతరం లేదు’ అని సంతకం పెడితే యంత్రాలు ఎక్కుతాయి.

కంపెనీకి స్థలం అప్పగించిన ఫైల్లో ఒక వాక్యం ఉంది: ‘ఖాళీ స్థలం, నివాసం లేదు, సాగు లేదు.’ ఆ లేని నివాసాలు పదకొండు. వాటిలో ఒకటి చిట్టెమ్మది. లేని సాగులో ఎకరన్నర చోళ్ల చేనూ, అంటే రాగి చేనూ, ఆమెదే. వాళ్లెవరికీ పట్టా లేదు కనుక అసలు మనుషులే లేరని, ఏ ఫ్యాను కిందో కూర్చున్న ఎవరో ఒకాయన తేల్చేశారు. లేని మనిషిని ఖాళీ చేయించడానికి నోటీసు అక్కర్లేదు, పరిహారం అంతకన్నా అక్కర్లేదు. ఇంతటితోనైనా ఆగారా? ఆ చేను తవ్వే కూలిపనికి పిలిచింది కూడా ఆ లేని చిట్టెమ్మనే.

ఆమె పార పట్టుకుని వచ్చింది. కూలికి వచ్చిందో, కొట్టడానికి వచ్చిందో మొదటి రోజు ఎవరికీ అర్థం కాలేదు.

“ఏటి బావూ, నా సేనులో ఏటెతుకుతన్నావు?”

“పట్నం.”

“నీ పట్నం కొండ కిందుంటది. బస్సెక్కు, దొరుకుద్ది.”

“ఆ పార అలా పట్టకు! పెంకు పగులుతుంది!”

“సేనే పోతంటే పెంకు కోసం ఏడుత్తావేటి?”

ఆయన ఆమె పారకు చీటీ కట్టారు.

మూడో రోజు సాయంత్రం చిట్టెమ్మ ఇంటికి వెళ్లేసరికి వాకిట్లోని పొయ్యికి చీటీ వేలాడుతోంది. చిట్టెమ్మకు చదువు రాదు గాని ప్రభుత్వం నంబర్లు వేస్తే ఏమవుతుందో బాగా తెలుసు. ఆమె తండ్రి కాలంలో చింతచెట్లకు తారుతో నంబర్లు వేశారు, నెల తిరక్కుండా చెట్లు లారీ ఎక్కాయి. గట్టు మీది రాళ్లకు సున్నంతో నంబర్లు వేశారు, గట్టు అవతలి భూమి పోయింది. ఇప్పుడు పొయ్యి వంతు వచ్చింది.

“నా పొయ్యిని లారీ ఎక్కిత్తావా?” అని ఆయన మీదికి ఉరికింది.

“చదువుతాను, విను. ‘పొర ఒకటి. పొయ్యి. మూడు రాళ్లు. బూడిద వెచ్చగా ఉంది. వాడుకలో ఉంది.’ ఇందులో తప్పేముంది?”

“నా బూడిద ఎచ్చగుంటే నీకేటి, సల్లగుంటే నీకేటి?” అని చీటీని పొయ్యిలోనే వేసి దాని మీద అంబలి కాచింది.

మర్నాడు ఇంకో చీటీ వేలాడింది. అదీ కాలింది. మూడో చీటీ మీద ఆయన అదనంగా రాశారు: ‘మొదటి రెండు చీటీలు దగ్ధం. దగ్ధం చేసినవారు ఈ ఇంటి యజమానురాలు చిట్టెమ్మ.’ తర్వాత మేకను కట్టే గుంజకూ, నేలలో పాతిన రోలుకూ, కళ్లానికీ వరసగా చీటీలు పడ్డాయి. పొద్దున ఆయన కట్టడం, సాయంత్రం ఆమె తెంపడం. ఊరికి అంతకన్నా మంచి కాలక్షేపం లేకపోయింది.

ముసలి సుక్రు ఒక మధ్యాహ్నం గట్టు నీడన కునుకు తీసి లేచేసరికి కాలి బొటనవేలికి చీటీ ఉంది. ‘కదలిక లేదు. గురక ఉంది. స్థానికుడు. పుట్టింది ఈ గట్టు పక్కనేనని, అరవై ఏళ్లు దాటాయని స్వయంగా చెప్పాడు.’

“మావా, నువ్వూ లారీ ఎక్కుతావు!” అని చిట్టెమ్మ కసిరింది.

“ఎక్కితే ఎక్కుతాను గానీ, ముందర కూకోబెడతాడా, ఎనకాల పడేత్తాడా, అది అడుగు” అన్నాడు సుక్రు.

కంపెనీ సూపర్‌వైజరు ధనరాజు అయితే రెండు రోజులు ఒంటి చెప్పుతో తిరిగాడు. బురదలో ఊడిన రెండో చెప్పుకు గణపతిరావు గారు చీటీ కట్టి, లెక్క తేలేదాకా కదపడానికి వీల్లేదన్నారు. చేనుకు అడ్డంగా నడిపిన అతని జీపు చక్రాల గుర్తులను టేపుతో కొలిచి, బొమ్మ గీసి, పక్కన రాశారు: ‘తర్వాతి కాలపు చొరబాటు. పంట నలిగింది.’

ధనరాజు పళ్లు నూరాడు. “రావుగారూ, పాత ఇటుకలు తీశారు, బావి తీశారు, పెంకులన్నీ పెట్టెకెత్తారు. ఇంకా ఏమిటండీ ఆలస్యం?”

“మొదటి పొర పూర్తి కాలేదు.”

“మొదటి పొరంటే పైనున్న చెత్తే కదండీ!”

గణపతిరావు గారు అంతవరకు ఎవరి మీదా లేవని ఎత్తుకు లేచారు. “ఆ మాట ఇంకోసారి అన్నావంటే నీకే చీటీ కడతాను!” అని అరిచారు. కందకంలో ఉన్న చిట్టెమ్మ పార ఆపి చూసింది. చెత్త అన్నందుకు ఆమెకు కోపం రావడం న్యాయమే. ఈ పెద్దమనిషికి ఎందుకు వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు. ఆ సాయంత్రం మాత్రం రోలు మీది చీటీ తెంపబుద్ధి కాలేదు. మర్నాడు ఆ బలహీనతకు సిగ్గుపడి రెండు తెంపింది.

నలభయ్యో రోజున, స్థలం అప్పగింతపై ఆఖరి మాట చెప్పవలసిన విచారణాధికారి ఫైలుతో సహా కొండెక్కారు. కుర్చీలు వేశారు. ధనరాజు పత్రం తయారుగా ఉంచాడు, గణపతిరావు గారు సంతకం పెట్టడమే తరువాయి. పదకొండు ఇళ్ల వాళ్లూ దూరంగా నిలబడ్డారు. లేనివాళ్లు కనుక వాళ్లకు కుర్చీలు వేయలేదు. ఆ కలం కాగితాన్ని తాకగానే ఆయనను పది తరాలు తిట్టాలని చిట్టెమ్మ గొంతు సవరించుకుని సిద్ధంగా ఉంది.

“ఇక్కడ నమోదు చేయవలసింది ఇంకేమీ లేదు కదా?” అన్నారు అధికారి.

“చేసింది చదువుతానండి” అని ఆయన రిజిస్టరు తెరిచారు. పొయ్యి, వెచ్చని బూడిద. రోలు, అడుగున నిన్నటి పిండి. కళ్లం, పేడతో అలికి వారం రోజులు. మేక గుంజ, తాడు కొత్తది. ప్రతి దానికీ తేదీ, కొలత, వాడుతున్నవాళ్ల పేరు.

నలభయ్యో వస్తువు దగ్గర అధికారి చెయ్యెత్తారు. “ఈ పొర ఏ శతాబ్దానిదండీ?”

“ఈ నెలదండి.”

“ఫైలు ప్రకారం ఇది ఖాళీ స్థలం!”

“ఖాళీ స్థలంలో బూడిద వెచ్చగా ఉండదండి. ఫైలూ ప్రభుత్వానిదే, రిజిస్టరూ ప్రభుత్వానిదే. రెండింట్లో ఏది అబద్ధమో మీరు రాసివ్వండి, నేను ఆ కిందనే సంతకం పెడతాను.”

“సార్, ఆయన అన్నిటికీ ఇలాగే రాస్తారండి, నా చెప్పుకు కూడా రాశారు!” అని ధనరాజు మొరపెట్టుకున్నాడు.

“మీ చెప్పు ఇక్కడ ఊడిందా, లేదా?” అన్నారు అధికారి.

“ఊడిందండి.”

“అయితే నిజమే రాశారు కదయ్యా!”

అధికారి చాలాసేపు రిజిస్టరు తిరగేశారు. లేచి వెళ్లి పొయ్యిలో చెయ్యి పెట్టి చూశారు, చటుక్కున వెనక్కి లాక్కున్నారు. చివరికి ఫైల్లో ‘ఖాళీ’ అన్న మాట కొట్టేసి పదకొండు పేర్లు రాయించారు. హక్కులు తేలేవరకు ఎవరినీ కదపరాదు, పునాది తీయరాదు అని కింద సంతకం పెట్టారు. పత్రం ధనరాజు చేతిలో అలాగే మిగిలింది.

జీపులు దిగిపోయాక చిట్టెమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది.

“నలభై రోజులు నా సేత తిట్లు తిన్నావు. ముందే సెప్తే నీ సొమ్మేటి పోయింది?”

“చెప్తే నువ్వు ఇల్లు సర్దేస్తావు. నా కోసం సర్దిపెట్టిన పొయ్యి సాక్ష్యానికి పనికిరాదు.” ఆయన విసుగ్గా దారం చుట్టుకుంటూ అన్నారు: “ఇరవై ఏళ్ల కిందట ఇంకో ఊళ్లో పైపొరను నేనే ‘చెత్త’ అని ఒక్క మాటలో రాసి పారేశాను. ఆ మాట చూపించి ముప్పై ఇళ్లు లేవన్నారు. జరుగు, నా పెట్టె సర్దుకోవాలి.”

చిట్టెమ్మ పెట్టె మూత మీద కూర్చుంది.

“ఎక్కడికెళ్తావు? మా ముత్తవ్వ రోలు ఈ గట్టు కిందుంటది. దాని కింద ఆవిడ అవ్వది. అవి రాయవా?”

“నా గడువు ఈ పూటతో అయిపోయిందమ్మా. ఇక తవ్వాలంటే భూమి గలవాళ్ల అనుమతి కావాలి.”

“మరి నానెవుత్తినీ? నానిత్తన్నాను. పొద్దోతంది, బేగి తవ్వు. అక్కడ కాదు బావూ, నా సోళ్లు తొక్కేత్తన్నావు, గట్టు పక్కకి రా!”