“లైల్ వల్లే” అన్న మాట

నెబ్రాస్కాలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న నోవీ క్రీక్ అనే చిన్న ఊళ్లో, అనుకున్నది సాధించేదాకా ఎవర్నీ నిద్రపోనివ్వని పిల్లగా జోలీన్ కుచెరాకి చిన్నప్పటినుంచే పేరుంది. ఆ ఏడు ఆమె పదకొండో తరగతి. బడి వదిలి వెళ్ళే పన్నెండో తరగతి వాళ్ళకి ప్రామ్ అనే వీడ్కోలు నాట్యవేడుక ఏర్పాటు చెయ్యడం పదకొండో తరగతి వాళ్ళ వంతు. నాట్యానికి మాత్రం రెండు తరగతులూ వస్తాయి. ఆ ఏర్పాట్లకి పెద్దగా ఎవరుండాలన్న ప్రశ్నే రాలేదు. అందరూ జోలీన్ వైపే చూశారు. ఆమె కూడా తనవైపే చూసుకుంది.

ఏటా ప్రామ్ బడి జిమ్‌లోనే జరిగేది. ఎన్ని రంగు కాగితాలు వేలాడదీసినా ఆ జిమ్‌లో బాస్కెట్‌బాల్ ఆడిన చెమట వాసన పోయేది కాదు. ఊరి నడిబొడ్డున చెక్ దేశం నుంచి వచ్చిన తాతల నాటి సంఘం హాలు ఉంది. కింద కొట్లు, పైన నాట్యశాల. నున్నటి చెక్క నేల, రంగుల బొమ్మలు వేసిన నాటకం తెర, ఇత్తడి దీపాల గుత్తి. జోలీన్ నానమ్మకి తాతయ్య మొదటిసారి చెయ్యందించింది అక్కడేనట. సంఘం పెద్దలు ముందు ఒప్పుకోలేదు. కుర్రాళ్ళు నేలంతా గీతలు పెడతారన్నారు. జోలీన్ ఆదివారం చర్చి అయ్యాక ఒక్కొక్కరి ఇంటికీ నానమ్మ చేసిన గసగసాల కొలాచీ రొట్టెలు పట్టుకెళ్ళి కూర్చుంది. నెల తిరిగేసరికి తాళంచెవి ఆమె చేతిలో ఉంది.

క్లాసులో ఓటు పెట్టినప్పుడు చేతులన్నీ లేచాయి. వెనక, తలుపు పక్కన కూర్చున్న లైల్ సెడ్లాక్ చెయ్యి కూడా లేచింది.

లైల్ అంతకుముందు ఏడాది బ్యాండులో ట్రంపెట్ ఊదేవాడు. ఊదనప్పుడు కబుర్లు చెప్పేవాడు. అక్టోబరులో పంట కోతల్లో ట్రాక్టరు గుంటలోకి బోర్లాపడి అతని మీద పడింది. క్రిస్మస్ తర్వాత బడికి తిరిగొచ్చినప్పుడు చక్రాల కుర్చీలో వచ్చాడు. చరిత్ర క్లాసుకి వెళ్ళేటప్పుడు రోజూ అతని కోసం తలుపు తెరిచి పట్టుకునేది జోలీనే. ఆ పనికి ఎంత అలవాటుపడిందంటే, ఎందుకు పట్టుకుంటోందో ఆలోచించడం మానేసింది.

ఏప్రిల్‌లో ఒకరోజు స్టేజీకి నీలం బట్ట కొనడానికి బట్టల కొట్టుకి వెళ్తే, అక్కడ లైల్ వాళ్ళమ్మ ఆర్డిత్ సెడ్లాక్ గుండీలు ఏరుతూ కనబడింది.

“రామ్మా జోలీన్, నువ్వు చెప్పు, ఇందులో ఏది బావుంది? వాడి కోటుకి,” అంది ఆవిడ సంబరంగా. “కూర్చుని ఉంటాడు కదా, కొట్లో కొన్న కోటైతే పొట్ట దగ్గర గుట్టలా పోగైపోతుంది. అందుకని వెనకంతా విప్పి నేనే మళ్ళీ కుడుతున్నా. వాడికి చెప్పకు, నవ్వుతాడు.”

“ఆ నల్లవి బావున్నాయండీ.”

“అవునా? సరే అవే. అన్నట్టు, హాలుకి వెనక నుంచి దారేదో ఉందటగా? నాకైతే గుర్తులేదు. నా పెళ్ళి విందు అక్కడే, మెట్లెక్కలేక గౌను ఇంత ఎత్తి పట్టుకున్నా. వాణ్ణడిగితే, ‘జోలీన్ అన్నీ చూసిందమ్మా, నువ్వూరుకో’ అన్నాడు.”

వెనక దారి ఉందో లేదో జోలీన్ ఎప్పుడూ చూడలేదు. ఆవిడ నవ్వుతూ జవాబు కోసం చూస్తోంది.

“అవునండీ,” అంది జోలీన్. “మేం చూసుకుంటాం.”

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. బట్ట కొనకుండానే తిన్నగా హాలుకి పరిగెత్తింది. మెట్లు ఇరుగ్గా, నిటారుగా ఉన్నాయి. మధ్యలో ఒక మలుపు. వెనక వైపు నిప్పంటుకుంటే దిగడానికి పెట్టిన ఇనప నిచ్చెన తప్ప ఇంకేం లేదు. ఇన్ని వారాలుగా ఆ మెట్ల మీద తను ఎక్కుతూ దిగుతూనే ఉంది. ఒక్కసారి కూడా లైల్ గుర్తురాలేదు. రోజూ తలుపు తెరిచి పట్టుకుంటున్న మనిషి గుర్తురాలేదు. ఆ కింది మెట్టు మీదే కూర్చుండిపోయింది.

అప్పుడే వెళ్ళి టీచరుతో చెప్పేస్తే ఇది చెప్పుకోదగ్గ కథ అయ్యేది కాదు. జోలీన్ చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంది. రేపొచ్చాక, అతనికే రావాలని లేదేమో, లేకపోతే ఓటెందుకు వేస్తాడు అనుకుంది. ఒక రాత్రి పడుకోబోతూ, ఆ సమయానికి అతనికి జలుబో జ్వరమో వస్తే బావుండునని అనుకుంది. అనుకున్న మరుక్షణం దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఇంట్లో కసురుకోవడం మొదలుపెట్టింది. ఏమైందే అని నానమ్మ అడిగితే కళ్ళు తుడుచుకుని గదిలోకి వెళ్ళిపోయింది. బడిలో తలుపు తెరిచి పట్టుకున్నప్పుడు అతని ముఖంలోకి చూడటం మానేసింది.

చివరికి ఒక సోమవారం క్లాసులో హోల్మ్ టీచర్ అడిగింది. ఏర్పాట్లన్నీ పైనుండి చూసేది ఆవిడే. “బల్లలు పైకి మోయడానికి ఎవరెవరొస్తారు? మెట్లు ఇరుకు కదా, బలమైన వాళ్ళు కావాలి.”

మెట్లు అనే మాట వినగానే జోలీన్ లేచి నిలబడింది.

“టీచర్, హాలు వద్దు. మనం జిమ్‌కే మార్చాలి.”

“అదేంటి ఇప్పుడు?”

“లైల్ వల్లే టీచర్. అతను మెట్లెక్కలేడు కదా.”

క్లాసులో తలలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి. లైల్ చేతిలో పెన్సిలు తిప్పుతున్నవాడల్లా ఆపేశాడు.

“దానికేముంది, నలుగురం ఎత్తుకెళ్తాం!” అన్నాడు ర్యాండీ, ఎద్దులాంటి కుర్రాడు. “బీరు పీపాకన్నా బరువుంటాడా ఏంటి వీడు?”

కొందరు నవ్వారు. లైల్ కూడా నవ్వాడు. “పీపానైతే మధ్యలో ఖాళీ చేసేస్తార్రా మీరు. నేనెలాగూ రావట్లేదులే. మీరు హాల్లోనే చేసుకోండి.”

హోల్మ్ టీచర్ ముఖం ఎర్రబడింది. తనకీ తట్టలేదు మరి. జిమ్‌లోనే చేస్తున్నామని, ఇక దాని మీద మాటల్లేవని తేల్చేసింది.

ఆ వారమంతా బడి గొణిగింది. పన్నెండో తరగతి అమ్మాయిలు ఆ దీపాల గుత్తి కింద దిగబోయే ఫొటోల గురించి ఏడ్చారు. “ఒక్కడి కోసం ఇంతమందికి” అని ఒకరంటే, “పైగా వాడు రానంటున్నాడటగా” అని ఇంకొకరు. ఆ మాటలు లైల్ కుర్చీ దాటి వెళ్ళాక అనేవారు, కానీ దాటి ఎంతో దూరం వెళ్ళాక కాదు. జోలీన్ దగ్గరికొచ్చి మాత్రం భుజం తట్టేవారు. “పాపం, ఎంత కష్టపడ్డావే!” ప్రిన్సిపాల్ నడవాలో ఆపి మరీ, తోటివాళ్ళ గురించి ఇలా ఆలోచించే పిల్లలు అరుదమ్మా అన్నాడు.

“థాంక్యూ సర్,” అంది జోలీన్.

ఆ థాంక్యూ అన్న దగ్గర్నుంచి తిండి సయించలేదు. గురువారం నుంచి లైల్ బడికి రావడం మానేశాడు. తెరవాల్సిన పని లేకపోయినా ఆ తలుపు దగ్గర ఆమె ఆగేది. శనివారం జోలీన్ తన నాన్న పికప్ బండి తీసుకుని సెడ్లాక్ వాళ్ళ పొలానికి వెళ్ళింది.

లైల్ యంత్రాల షెడ్డులో ఉన్నాడు. కాళ్ళు కోసి అందేలా ఎత్తు తగ్గించి వాళ్ళ నాన్న ఇచ్చిన పనిబల్ల ముందు కూర్చుని గడ్డి కోసే మిషను కార్బురేటరు విప్పుతున్నాడు. తలెత్తలేదు.

“ఎందుకొచ్చావ్?”

“క్షమించమని అడుగుదామని.”

“దేనికి?”

“మర్చిపోయినందుకు. నీ సంగతి.”

“ఓ, అదా.” లైల్ ఒక మరను గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. “మర్చిపోతే మర్చిపోయావు. నిజం చెప్పనా? చెయ్యెత్తినప్పుడు హాయిగా ఉండింది నాకు. ట్రాక్టరు పడ్డాక, నన్ను చూసి ఎవరూ గొంతు తగ్గించకుండా ఉన్నది ఆ ఒక్కసారే. నా సంగతి ఎవరికీ గుర్తులేదు. నాకూ లేదు, ఓ నిమిషం. తర్వాత ఏదో వంక చెప్పి ఇంట్లో ఉండిపోదామనుకున్నా. అమ్మ ఆ కోటు మొదలుపెట్టకపోతే అదే చేసేవాణ్ణి.”

“మరి...”

“మరేంటంటే, ‘లైల్ వల్లే’ అన్నావు చూడు. జిమ్ కావాలని నేనడిగానా? నీ దగ్గరికి ఎప్పుడైనా వచ్చానా? ‘నేను చూసుకోలేదు, నాది తప్పు’ అంటే నీ నోరు పడిపోయేదా? తప్పు నువ్వు చేశావు. తిట్లు నేను తింటున్నా. నీకు మళ్ళీ సానుభూతి కూడానూ!”

జోలీన్ ముఖం చేతుల్లో దాచుకుంది.

“ఏడవకు,” అన్నాడు లైల్. అందులో జాలి లేదు. “ఏడిస్తే ఇప్పుడు నేను నిన్ను ఓదార్చాలి. నాకంత ఓపిక లేదు. ఇంటికెళ్ళు.”

ఆమె వెళ్ళింది. వాకిట్లో బట్టలు ఆరేస్తున్న ఆర్డిత్ తనవైపు చూస్తోందని తెలిసీ తలెత్తకుండా బండెక్కింది.

సోమవారం మధ్యాహ్నం, బడంతా భోజనాల గదిలో ఉన్నప్పుడు, జోలీన్ ఒక కుర్చీ మీదికెక్కింది. ప్రామ్ గురించి ఏదో చెబుతుందనుకుని అందరూ సద్దుమణిగారు. ముందే కూర్చి పెట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఉన్నదున్నట్టు చెప్పింది. హాలు అడిగినప్పుడు లైల్ తనకి గుర్తే రాలేదని. తెలిశాక కూడా రోజుల తరబడి దాచానని. వాళ్ళమ్మ అడిగితే మొహం మీదే అబద్ధమాడానని. అతను జిమ్ అడగలేదని, తనే తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అతని పేరు వాడానని. “మీరు జాలి పడుతుంటే ఊరుకున్నాను. బావుందనిపించింది కూడా,” అని దిగిపోయింది.

చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేరు. 

“అయితే వాణ్ణి తిట్టినవన్నీ నీకు రావాల్సినవా?” అన్నాడు ర్యాండీ నోరు తెరిచి.

“అవును.”

“ఛీ, నేను మళ్ళీ మొదటినుంచీ తిట్టడం మొదలెట్టాలన్నమాట,” అన్నాడతను. ఎవరూ నవ్వలేదు.

తిట్లు వచ్చాయి. వాటికన్నా మౌనం ఎక్కువ బాధపెట్టింది. మొదటి తరగతి నుంచి పక్కనే కూర్చున్న స్నేహితురాలు పెగ్ ఆ సాయంత్రం బస్సులో వేరే సీటుకి వెళ్ళి కూర్చుంది. ఏర్పాట్ల నుంచి తప్పుకుంటానని జోలీన్ అంటే హోల్మ్ టీచర్ ఒప్పుకోలేదు. “తప్పుకోవడం తేలిక. ఉండి, నిచ్చెనెక్కి జిమ్‌లో ఆ కాగితం నక్షత్రాలు కట్టు,” అంది. జోలీన్ కట్టింది. చాలావరకు ఒక్కతే కట్టింది.

మే నెల మొదటి శనివారం ఊరంతా జిమ్ గ్యాలరీల్లో నిండిపోయింది. ప్రామ్‌లో ఊరికి కావలసింది గ్రాండ్ మార్చ్. జంటల పేర్లు పిలుస్తుంటే పిల్లలు కొత్త బట్టల్లో చేతులు పట్టుకుని నడిచొస్తారు, తల్లులు కళ్ళు తుడుచుకుంటారు. మైకులో పేర్లు చదవడం జోలీన్ పని. ఆమెకి జంట లేదు. తనని ప్రామ్‌కి తీసుకెళ్తానన్న కుర్రాడు, భోజనాల గదిలో ఆమె కుర్చీ ఎక్కి మాట్లాడాక మళ్ళీ కనబడలేదు.

చీటీలు ఒక్కొక్కటే ఆమె చేతికి వస్తున్నాయి. ఒకదాని మీద పెగ్ పేరు, దాని పక్కన లైల్ పేరు ఉన్నాయి.

పెగ్ తనంతట తనే ఆ పొలానికి వెళ్ళి అడిగిందని తర్వాత తెలిసింది. లైల్ ముందు పొమ్మన్నాడట. “నీ మీద జాలితో వచ్చాననుకుంటున్నావా? నాకు జంట దొరకలేదు. పసుపుపచ్చ గౌను కుట్టించుకుని ఇంట్లో కూర్చోమంటావా?” అని పెగ్ ఎదురు దబాయించిందట.

జోలీన్ పేర్లు చదివింది.  లైల్ కోటు ఎక్కడా పోగవకుండా చక్కగా కూర్చుంది. పెగ్ అతని పక్కన నడిచింది, వెనక నుంచి నెట్టలేదు. జనం చప్పట్లు కొట్టారు, అందరికీ కొట్టినంతే. మైకు దాటేటప్పుడు లైల్ ఆమెవైపు ఒకసారి తలూపాడు. పరిచయం ఉన్నవాళ్ళు దారిలో ఎదురైతే ఊపినట్టు, అంతే.

మార్చ్ అయ్యాక గ్యాలరీ దిగి వస్తున్న ఆర్డిత్ ముందుకి జోలీన్ తనే వెళ్ళి నిలబడింది.

“మిసెస్ సెడ్లాక్, ఆ రోజు కొట్లో...”

“తెలుసు. వాడు చెప్పాడు,” అంది ఆర్డిత్. కోపంగా కాదు, అలసటగా. “మర్చిపోయావంటే అర్థం చేసుకోగలనమ్మా. గుంట ఉందని చెప్పడం మర్చిపోయి, ఆ ట్రాక్టరు తాళం తీసి వాడి చేతికిచ్చింది నేను. మర్చిపోవడమంటే ఏంటో నాకు తెలుసు. కానీ నేను నీ మొహంలోకి చూస్తూ అడిగా. నువ్వు నా మొహంలోకి చూస్తూ చెప్పావు. అది పోవడానికి కొంచెం కాలం పడుతుంది.”

“అలాగేనండీ,” అంది జోలీన్.

అది పోయిందో లేదో ఆమెకి ఎప్పటికీ సరిగ్గా తెలియలేదు. జోలీన్ ఆ ఊళ్ళోనే ఉండిపోయింది. వాళ్ళ నాన్న ఇనప సామాన్ల కొట్టు నడిపింది, పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని పెంచింది. పెగ్ ఆ వేసవిలోనే మళ్ళీ మాట కలిపింది. లైల్ ఇంజన్లు బాగుచేసే షాపు పెట్టాడు. జోలీన్ కొట్లో మరలు కొనేవాడు, ఆమె మిషన్లు అతని దగ్గరికి వెళ్ళేవి. వానల గురించి, పంటల గురించి మాట్లాడుకునేవారు. ఆ ప్రామ్ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అతను మరిచిపోయాడేమోనని కొన్నిసార్లు అనిపించేది. అలా అనిపించడం తనకి అనుకూలంగా ఉంది కాబట్టే దాన్ని నమ్మేది కాదు. ఎవరైనా ఆమెని మంచి మనసు గలదానివని మెచ్చుకుంటే మాత్రం మాట మార్చేసేది. ఎందుకో తెలియక ఆమె భర్త, “ఒక్క మంచి మాట పడనివ్వదు మహాతల్లి,” అని నవ్వేవాడు.

ఆర్డిత్‌కి ముసలితనంలో చూపు మందగించింది. ఒకరోజు కొట్టుకొచ్చి, జోలీన్ చెయ్యి తడుముకుని పట్టుకుని, అరల వైపు నడుస్తూ అడిగింది. “కిందికి మెట్లున్నాయా ఇక్కడ?”

“ఒకటుందండీ. ఆగండి,” అంది జోలీన్. “ఇప్పుడు వెయ్యండి అడుగు.”

ఆర్డిత్ ఇంకో మాట అడగకుండా అడుగు వేసింది.